స్టీల్ సిటీలో స్పెల్లింగ్ కథ: ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు ఎక్కడివి?

జంషెడ్‌పూర్‌ను అందరూ ‘స్టీల్ సిటీ’ అంటారు. ఆ ఊళ్లో చదువుకునే పిల్లలెవరైనా తమ ఊరి గురించి ఇంగ్లీషులో వ్యాసం రాస్తూ, ‘స్టీల్’ అన్న మాటలో రెండో ‘ఈ’ అక్షరానికి బదులు ‘ఏ’ రాశారనుకుందాం. పైకి చదివితే తేడా ఏమీ వినిపించదు. అర్థం మాత్రం ‘ఉక్కు’ నుంచి ‘దొంగిలించు’కు మారిపోతుంది. కంప్యూటర్‌లోని మామూలు స్పెల్ చెకర్ కూడా దాని కింద ఎర్రగీత గీయదు. ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్న మాటలే.

ఉచ్చారణ ఒకటే అయినా అర్థం వేరుగా ఉండే ఇలాంటి పదాలను హోమోఫోన్లు అంటారు. తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయి. ‘ఆవు పాలు’ వేరు, ‘ఆస్తిని మూడు పాలు చేశారు’ వేరు. అయితే తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి రెండింటి రాతా ఒకటే. ఇంగ్లీషులో అలా కాదు, పలుకు కలిసిపోయినా రాత విడిగా మిగిలింది. ఎందుకు?

రాత ఆగింది, పలుకు సాగింది

‘ఉక్కు’ అనే స్టీల్, ‘దొంగిలించు’ అనే స్టీల్ వేర్వేరు వేర్ల నుంచి పుట్టాయి. మొదటిది పాత జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. దాని మూలంలో ‘గట్టిగా నిలిచేది’ అన్న భావం ఉంది. రెండోదానికి దగ్గరి చుట్టం ‘స్టెల్త్’, అంటే గుట్టుగా, చడీచప్పుడు లేకుండా చేసే పని. కొన్ని వందల ఏళ్ల కిందట ఈ రెండు మాటలనూ ఒకేలా పలికేవారు కాదు. రెండు ‘ఈ’లున్న మాటలో అచ్చు ఒక రకంగా, ‘ఈ-ఏ’ ఉన్న మాటలో మరో రకంగా ఉండేది. రాతలోని తేడా ఆ పలుకులోని తేడానే చూపేది.

విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం నెలకొల్పాడు. అప్పటి నుంచి పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు క్రమంగా స్థిరపడుతూ వచ్చాయి. కానీ అదే కాలంలో, దాదాపు 15 నుంచి 18వ శతాబ్దం మధ్య, ఇంగ్లీషు దీర్ఘాచ్చుల పలుకు పెద్ద ఎత్తున మారిపోయింది. భాషాశాస్త్రవేత్తలు దీన్ని ‘గ్రేట్ వవల్ షిఫ్ట్’ అంటారు. ఈ మార్పులు ముగిసేసరికి రెండు ‘స్టీల్’లూ ఒకేలా వినిపించసాగాయి. రాత మాత్రం పాతదే మిగిలింది. ఈ మార్పు అన్ని మాటల్లోనూ ఒకేలా జరగలేదు. ‘గ్రేట్’, ‘బ్రేక్’ అనే మాటల్లో ‘ఈ-ఏ’ అక్షరాలే ఉన్నా వాటిని ఇప్పటికీ ‘ఏ’ అనే పలుకుతాం.

ఆ లెక్కన ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక పాత ఫొటో లాంటిది. మనిషి ముఖం మారిపోయినా ఫొటోలో పాత ముఖమే కనిపిస్తుంది.

గనిలో ‘ఓర్’, నదిలో ‘ఓర్’

జంషెడ్‌పూర్ పుట్టుకకు ఇనుప ఖనిజమే కారణం. మయూర్‌భంజ్ ప్రాంతంలో మేలైన ఇనుప ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904లో జంషెడ్జీ టాటాకు లేఖ రాశారు. 1907లో కంపెనీ ఏర్పడింది. సాక్చీ గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912లో ఉక్కు తయారైంది. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

ఖనిజాన్ని ఇంగ్లీషులో ‘ఓర్’ అంటారు. ఊరి పక్కనే పారే సువర్ణరేఖ, ఖర్‌కాయ్ నదుల్లో పడవ నడిపే తెడ్డు కూడా ‘ఓర్’. ‘లేదా’ అన్న అర్థంలో వాడేదీ చాలామంది నోట ‘ఓర్’ అనే వినిపిస్తుంది. ఈ మూడింటికీ చుట్టరికం లేదు.

ఖనిజం అనే ‘ఓర్’లో పాత ఇంగ్లీషు మాటలు రెండు కలిసిపోయాయి. ఒకదానికి శుద్ధి చేయని లోహమని, మరోదానికి ఇత్తడి లేదా కంచు అని అర్థం. ఈ రెండో మాటకు సంస్కృతంలోని ‘అయస్’ దూరపు బంధువు. ‘అయస్కాంతం’లో మనం రోజూ పలుకుతున్నది ఆ ‘అయస్సు’నే.

ఒకే లోహం, మూడు మాటలు

జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధన ప్రయోగశాలను 1950లో నెహ్రూ ప్రారంభించారు. లోహాలనే పరిశోధించే ఈ సంస్థ పేరులోని ‘మెటలర్జికల్’ అన్న మాటకు గ్రీకు ‘మెటల్లాన్’ మూలం. గ్రీకులో దానికి మొదట గని అని అర్థం. గని పేరు అందులోంచి తీసిన లోహానికీ వచ్చింది.

ధైర్యం, దమ్ము అనే అర్థమున్న ‘మెటిల్’ కూడా మొదట ‘మెటల్’ అన్న మాటకు మరో స్పెల్లింగే. ఎవరైనా గట్టివాడని చెప్పడానికి తెలుగులో ‘వాడిలో సరుకుంది’ అంటాం. ఇంగ్లీషువాళ్లు ‘వాడిలో లోహం ఉంది’ అన్నారు. 18వ శతాబ్దం నాటికి లోహానికి ఒక స్పెల్లింగ్, గుండె నిబ్బరానికి మరో స్పెల్లింగ్ ఖాయమయ్యాయి. పతకం అనే ‘మెడల్’ కూడా ఇదే కుటుంబానికి చెందిందని కొందరు నిఘంటుకర్తల అభిప్రాయం. అనవసరంగా తలదూర్చడం అనే ‘మెడిల్’ మాత్రం బయటిది. ‘కలపడం’ అనే లాటిన్ మాట నుంచి వచ్చిన ఇది, పాటలు కలిపి పాడే ‘మెడ్లీ’కి తోబుట్టువు.

పొరపాటు ప్రమాదమయ్యే చోట

ఉక్కు కర్మాగారాల్లో కోక్ ఓవెన్ల నుంచి వచ్చే వాయువులో హైడ్రోజన్, మీథేన్ ఎక్కువగా ఉంటాయి. దాన్ని ఇంధనంగా వాడతారు. ఇలా మండే వాయువుల దగ్గర ‘ఫ్లేమబుల్’, ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాటలు తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం. ‘విజిబుల్’కు ‘ఇన్‌విజిబుల్’ వ్యతిరేకం. అందువల్ల ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది అనుకునే అవకాశం ఉంది. నిజానికి రెండింటి అర్థమూ ఒకటే: సులభంగా అంటుకునేది. లాటిన్‌లో ‘ఇన్’ ఉపసర్గలు రెండున్నాయి. ఒకటి ‘కాదు’ అని చెబుతుంది, మరొకటి ‘లోపలికి’ అని చెబుతుంది. ఇక్కడ ఉన్నది రెండోది, అంటే మంటలోకి వెళ్లేది అని.

ఈ గందరగోళాన్ని తప్పించడానికి అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ 1920లలోనే ‘ఫ్లేమబుల్’ వాడాలని ప్రోత్సహించింది. మన రోడ్లపై తిరిగే ట్యాంకర్ల మీద మాత్రం ‘ఇన్‌ఫ్లేమబుల్’ ఇప్పటికీ కనిపిస్తుంది. నిజంగా మండని దానికి వాడే మాట ‘నాన్‌ఫ్లేమబుల్’.

ఇంగ్లీషులోకి వెళ్లిన ‘ఉక్కు’

మాటలు వినడంలో, రాయడంలో తేడా పడటం ఒకవైపే జరగలేదు. దక్షిణ భారతంలో మూసల్లో కరిగించి చేసిన మేలైన ఉక్కుకు ఒకప్పుడు ప్రపంచమంతటా పేరుండేది. తెలంగాణలోని కోనసముద్రం అలాంటి ఉక్కుకు ప్రసిద్ధి. 1795లో జార్జ్ పియర్సన్ లండన్‌లోని రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఈ ఉక్కును ‘వూట్స్’ అన్నారు. తెలుగు, కన్నడ భాషల్లోని ‘ఉక్కు’ అన్న మాటే ఎక్కడో అక్షరం తప్పి ఇలా మారిందని చాలామంది పండితులు భావిస్తారు. ఆ తప్పు స్పెల్లింగే లోహశాస్త్ర గ్రంథాల్లో స్థిరపడిపోయింది.

అందుకే ఒకేలా వినిపించే మాటలను జంటలుగా బట్టీ పట్టడం కన్నా, ఒక్కో మాటకూ దాని చుట్టాన్ని గుర్తుపెట్టుకోవడం మేలు. దొంగతనానికి ‘స్టెల్త్’, తలదూర్చడానికి ‘మెడ్లీ’, ఖనిజానికి అయస్కాంతం. చుట్టం గుర్తుంటే, పరీక్ష రాస్తున్నప్పుడైనా ట్యాంకర్ మీది హెచ్చరిక చదువుతున్నప్పుడైనా ఏ మాట ఏదో పోల్చుకోవడం తేలికవుతుంది.