ఉడిగిన ముట్టు మరల కనబడినచో

భద్రాచలమునుండి దుమ్ముగూడెము, చర్ల త్రోవలో అడవియంచున నుండు పల్లెలయందు, వేసవి వచ్చినదన్న స్త్రీలకు తునికాకు కోతయే పని. ఆ దినములలో నడుము నొప్పిని, పొత్తికడుపు బరువును ఎవరును లెక్కింపరు. కాని ముట్టుడిగి ఏండ్లయిన స్త్రీకి మరల ఎఱ్ఱబట్ట కనబడినప్పుడు "వేడి చేసినది" యని యూరకుండుట తగదు. ఈ మాట ఖమ్మము పట్టణమందలి యిండ్లకును వర్తించును.

దీనికి కారణములు పెక్కు. చాలభాగము సులభముగ కుదురునవే. వానిలో అరుదైనది, అండాశయమున బీజములను పోషించు కణములనుండి పుట్టు గ్రాన్యులోసా గడ్డ. 1855లో రాకిటాన్‌స్కీ యను వైద్యుడు దీనిని వర్ణించెను. అండాశయపు క్యాన్సర్లలో ఇది నూటికి 2 మొదలు 5 వఱకు మాత్రమే. ఈ గడ్డ ఈస్ట్రోజెనను హార్మోనును తానే తయారుచేయును. అందుచే గర్భసంచి లోపొర దళసరియై రక్తము స్రవించును. 8 ఏండ్లయినను నిండని బాలికకు ఈడేరు చిహ్నములు కనబడుటకును ఒక్కొక్కప్పుడిదియే కారణము.

వైద్యురాలు చేతితో పరీక్షించి స్కానింగు తీయించును. రక్తమందలి ఇన్‌హిబిన్‌ను కొలిపించును. గర్భసంచి పొరనుండి చిన్నముక్క తీసి పరీక్షకు పంపును. గడ్డను తీసి సూక్ష్మదర్శినితో చూచినపిమ్మటనే రోగము నిశ్చయమగును.

ఇచట నొక హెచ్చరిక. పరీక్ష లేకయే గర్భసంచిని మాత్రము తీయించుకొన్నచో రక్తము నిలుచును, గడ్డ లోపలనే పెరుగుచుండును. రోగమును చెప్పు గుర్తు పోయి, రోగము మిగులును. కావున ముందు "అండాశయములను చూచితిరా?" యని యడుగుడు.

ఈ గడ్డకు శస్త్రచికిత్సయే ముఖ్యము. పగిలినచో కణములు కడుపులో చల్లబడి మరల మొలకెత్తవచ్చును గనుక, పగులనీయక మొత్తముగ తీయుదురు. వ్యాధి అండాశయమును దాటనిచో, బిడ్డలను కోరు పడుచులకు ఆ ప్రక్క అండాశయమును, నాళమును మాత్రమే తీసి గర్భసంచి నుంచవచ్చును. పెద్దవారికి రెండండాశయములను, గర్భసంచిని తీయుట వాడుక.

ఇది నిదానపు గడ్డ. 10, 20 ఏండ్లకైనను తిరిగి తలయెత్తుట కలదు. కావున పరీక్షా కాగితమును పొలము పట్టాతోపాటు పెట్టెలో భద్రపఱచుడు.

భద్రాచలమున ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి కలదు. పెద్ద చికిత్సకు హైదరాబాదున 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి యున్నది.

అత్తగారు కోడలితో ఈ మాట చెప్పుటకు సిగ్గుపడును. ఆమె తన బట్టలను చాటుగ నుతుకుకొనుచున్నట్లు కనబడిన, మెల్లగ నడుగుడు. మీ యడుగుటయే ఆమెకు మొదటి చికిత్స యని మేము నమ్ముచున్నాము.