ఎక్స్‌రేకి నిలిచే అతుకు

తెలుగులో అతుకు అన్న మాటకి పెద్ద గౌరవం లేదు. అతుకుల బొంత అంటాం. అతకని మాట అంటాం. పని నచ్చకపోతే "ఏదో అతికించాడులే" అని తీసిపారేస్తాం. నా వృత్తిలో లెక్క వేరు. రెండు ఉక్కు పైపుల్ని వెల్డింగ్ చేసి, ఆ అతుకు మధ్యలో ఉండేలా ఒక ముక్క కోసి, మిషన్లో బిగించి రెండువైపులా లాగుతారు. పని సరిగ్గా జరిగితే మామూలుగా తెగేది పైపే. అతుకు అలాగే ఉంటుంది.

పదకొండేళ్ళు వెల్డర్‌గా చేసి, ఇప్పుడు కువైట్‌లో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. ఒకప్పుడు నేను చేసిన పనిని ఇప్పుడు వేరేవాళ్ళు చేస్తే టార్చిలైటు వేసి చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా సైట్లో ఏ షెడ్డు దగ్గర ఆగినా శ్రీకాకుళం యాస వినబడుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస. రిఫైనరీ ఎక్కడుంటే అక్కడికి మావాళ్ళు వెళ్తారు. జామ్‌నగర్ అయినా, పారాదీప్ అయినా, గల్ఫ్ అయినా. వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో, ఇంటికొకడు ఈ లైన్లో ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ పడగొట్టి పోయింది. కొబ్బరిమొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. వెల్డింగ్ చెయ్యి తిరగడానికి నెలలు చాలు. కుర్రాళ్ళు ఏ లెక్క వేసుకున్నారో చెప్పక్కర్లేదు.

మా వాళ్ళ నోట్లో ఎప్పుడూ నానే మాట "సిక్స్‌ జీ". అదొక పరీక్ష. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పకూడదు, మనిషే దాని చుట్టూ తిరగాలి. ఒకే జాయింటులో కింద పడుకుని పైకి చూస్తూ చేసే పని, నిలువుగా ఎక్కే పని, పక్కవాటు పని, అన్నీ వస్తాయి. రెండు పైపుల మధ్య సందు 3 మిల్లీమీటర్లకి అటూఇటూగా ఉంటుంది. మొదటి వరసని రూట్ అంటాం. వేడికి ఆ సందు దగ్గర తాళంచెవి కన్నంలాంటి చిన్న రంధ్రం పడుతుంది. ఆ కన్నాన్ని చెదరనివ్వకుండా, మూసుకోనివ్వకుండా ముందుకి తోసుకుంటూ పోవాలి. చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగితే లోహం లోపలికి జారి వేలాడుతుంది. తొందరపడితే అంచులు కలవవు. పైపు అడుగున ఉన్నప్పుడు కరిగిన ఉక్కు మన మొహం మీదకి రావాలని చూస్తుంటుంది. దాన్ని అక్కడే పట్టి ఉంచేది చెయ్యి అదురు లేకపోవడం ఒక్కటే. ఊపిరి కూడా లెక్క చూసుకునే తీసుకుంటాం.

చెవి కూడా పనిచేస్తుంది. రాడ్డుతో చేసేటప్పుడు కరెంటు సరిపోతే మూకుట్లో గారెలు వేగుతున్న చప్పుడు వస్తుంది. చప్పుడు మారిందంటే చూడకముందే చెయ్యి సర్దుకుంటుంది. ఇది పుస్తకంలో రాసి చెప్పగలిగేది కాదు. నేను ఇంతకన్నా చెప్పలేను.

బాయిలర్ గొట్టాల వెనకవైపుకి తల పట్టదు. అక్కడ చిన్న అద్దం తగిలించి, అద్దంలో చూస్తూ వెల్డింగ్ చేస్తారు. అద్దంలో దిక్కులు తారుమారవుతాయి. కన్ను చెప్పినదానికి చెయ్యి ఎదురు నడవాలి. మందస వైపు పెద్దాయన ఒకరు ఆ పని చేస్తుంటే మేం భోజనం మానుకుని నిలబడి చూసేవాళ్ళం. ఆయన సంతకం మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉండేది కాదు, బ్యాంకువాళ్ళు వెనక్కి పంపేవారు.

ఇక ఎక్స్‌రే. ముఖ్యమైన జాయింట్లకి రేడియోగ్రఫీ తీస్తారు. సాధారణంగా రాత్రిపూట, చుట్టూ తాళ్ళు కట్టి మనుషుల్ని దూరంగా పంపేసి, ఇరిడియం-192 అనే ఐసోటోపుతో తీస్తారు. పొద్దున్నే ఫిల్ము వస్తుంది. వెలుగు పెట్టె మీద పెట్టి చూస్తాం. లోపల గాలిబుడగ ఉంటే నల్లచుక్క. స్లాగ్ ఇరుక్కుంటే నల్లటి గీత. ఏమీ లేకపోతే తెల్లగా, సమంగా, నదిపాయలా సాగిన రూట్. ఆ ఫిల్ముకి నా ఊరు తెలీదు, కులం తెలీదు, పదో తరగతి తప్పానో పాసయ్యానో తెలీదు. ప్రతి వెల్డరుకీ ఒక నంబరు ఉంటుంది, జాయింటు పక్కన ఆ నంబరు రాస్తారు. ఎవడి జాయింట్లు ఎన్ని, అందులో రిపేర్లు ఎన్ని, శాతం ఎంత అని వారం వారం కాగితం వస్తుంది. రిపేరు లేని వారం మా గదిలో బిర్యానీ. డబ్బు సంగతి సరే, టిగ్ చేయగలిగిన సిక్స్‌ జీ వెల్డరుకి హెల్పరు జీతం కన్నా చాలా ఎక్కువే వస్తుంది, ఊళ్ళో డాబాలు అలాగే లేచాయి. కానీ తన పని బాగుందో లేదో ఎవరి దయా లేకుండా తెలిసే మనుషులు లోకంలో ఎంతమంది ఉంటారు? ఆఫీసుల్లో పనిచేసే నా స్నేహితులకి ఏడాదికోసారి ఎవరో మార్కులు వేస్తారు, ఎందుకు వేశారో వాళ్ళకి తెలీదు. ఈ విషయంలో మా వెల్డర్లే అదృష్టవంతులని నా అభిప్రాయం.

దీనికి ఒంటి నుంచి కట్టే రుసుము ఉంది.

ముందు కళ్ళు. కొత్తలో పక్కవాడి ఆర్క్ వెలుగు కళ్ళలో పడుతుంది. అప్పుడేమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత, సరిగ్గా పడుకునే వేళకి, రెప్పల కింద గుప్పెడు ఇసుక పోసినట్టు మొదలవుతుంది. గదిలో దీపం ఆర్పేసి, కళ్ళ మీద బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే కుర్రాళ్ళు ప్రతి క్యాంపులోనూ కనిపిస్తారు. డాక్టరు దగ్గరికి పంపితే చుక్కలమందు ఇస్తాడు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. దుంప ముక్కతో తగ్గిందని వీళ్ళు అనుకుంటారు.

తర్వాత మెడ. పాత రకం హెల్మెట్‌ని చేత్తో దించుకోడానికి ఉండదు, రెండు చేతుల్లోనూ పని ఉంటుంది. మెడని ఒక్క విసురు విసిరితే అది మొహం మీద పడుతుంది. రోజుకి కొన్ని వందల విసుర్లు. ఆర్క్ వెలగగానే దానంతటదే నల్లబడే అద్దాల హెల్మెట్లు వచ్చాక ఈ బాధ తగ్గింది, కానీ అవి అందరి చేతికీ రావు. నా మెడ ఇప్పటికీ ఎడమవైపు పూర్తిగా తిరగదు. కారు వెనక్కి తీసేటప్పుడు ఒళ్ళంతా తిప్పి చూస్తాను, మా పిల్లలు నవ్వుతారు. మోకాళ్ళు, నడుము సంగతి ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు కాబట్టి వదిలేస్తున్నాను.

పొగ సంగతి వదలలేను. గాల్వనైజ్డ్ ఇనుము మీద చేస్తే జింకు పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, మర్నాటికి పోతుంది. పోయింది కదా అని ఎవరూ పట్టించుకోరు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో ఉండే క్రోమియం రకం అలా వచ్చిపోయేది కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్న జాబితా అదే. 2019లో బ్రిటన్ భద్రతా శాఖ మామూలు ఇనుము పొగ కూడా ప్రమాదమేనని, ఆరుబయట చేసినా సరైన మాస్కు కావాలని హెచ్చరించింది. "బయటే కదా, గాలి తీసుకుపోతుంది" అన్న మాట అప్పటితో ఆగిపోవాలి. ఆగలేదు.

పైగా బయట అన్నది పేరుకే. టిగ్ వెల్డింగులో కరిగిన లోహానికి రక్షణగా ఆర్గాన్ వాయువు వదులుతారు. ఎడారి గాలి వీస్తే ఆ వాయువు చెదిరిపోయి జాయింటు పాడవుతుంది. అందుకని చుట్టూ మంటలంటని గుడ్డలు కట్టేస్తారు. జాయింటుకి గాలి తగలకుండా కట్టిన గుడ్డ మనిషికీ గాలి తగలనివ్వదు. పొగ అక్కడే, వేడి అక్కడే. ఒంటి మీద తోలు కోటు, చేతులకి తోలు గ్లవుజులు, ఎదురుగా ముందే వేడి చేసిన పైపు.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకూ ఎండలో పని నిషేధం, అది మంచి చట్టమే. కానీ పదింటికే ఆ గుడ్డ డేరాలో ఎంత వేడి ఉంటుందో గడియారం చెప్పదు. ఇంకో చిన్న విషయం. పైన పరంజా మీద ఉన్నవాడు మూత్రానికి వెళ్ళాలంటే కోటు విప్పి, బెల్టు తీసి, నిచ్చెనలు దిగి, నడిచి వెళ్ళి రావాలి. అందుకని నీళ్ళు తాగడం తగ్గించేస్తాడు. మామూలు మనిషికే అది మంచిది కాదు. వీడు ఉద్దానం మనిషి. మా దగ్గర ఊరూరా కిడ్నీ జబ్బు ఉంది, ఎందుకొస్తోందో ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఎండవేడీ ఒంట్లో నీరు తగ్గడమూ కిడ్నీలకి చేటని మాత్రం తెలుసు. నికరాగువాలో చెరకు కోతవాళ్ళకి నీడ, నీళ్ళు, విరామం పద్ధతిగా ఇవ్వడం మొదలెట్టాక కిడ్నీ దెబ్బ తినడం తగ్గిందని పరిశోధకులు చూపించారు. నీడ, నీళ్ళు, విరామం. ఇందులో కనిపెట్టాల్సిన మందేమీ లేదు.

గల్ఫ్‌కి వచ్చే ముందు మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. ఆ కాగితం వచ్చేదాకా మా ఊరి కుర్రాళ్ళకి నిద్ర ఉండదు. పదిహేనేళ్ళు పనిచేసి తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఏ ఎక్స్‌రే తీసినట్టు నేను చూడలేదు. జాయింట్ల ఫిల్ములు చల్లటి గదిలో, నంబర్లు వేసి, వరసగా ఉంటాయి. ఫలానా లైన్లో ఫలానా జాయింటు ఎవరు చేశారో ఏళ్ళ తర్వాత అడిగినా తీసి చూపించగలను. చేసినవాడి ఊపిరితిత్తులు ఇప్పుడెలా ఉన్నాయో చూపించే కాగితం ఏ బీరువాలోనూ లేదు.

పోయిన వేసవిలో మా పెద్దన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాన్నా, ఏటంటావు? వెల్డింగ్‌లో చేరమంటావా?" వాడి చెయ్యి నాకు తెలుసు. చిన్నప్పుడు కొబ్బరి ఈనెలతో బండి చేస్తే చక్రాలు సరిగ్గా తిరిగేవి. వద్దనడానికి నాకు నోరు రాలేదు, వద్దనడం సరైనదని కూడా అనుకోను. చేరమన్నాను. పైన చెప్పినవన్నీ చెప్పాను. జింకు పూత ఉంటే ముందు గ్రైండ్ చేసెయ్, ఆర్గాన్ నిండిన పైపులోకి తల పెట్టకు, దానికి వాసన ఉండదు, గాలికన్నా బరువు, తెలిసేలోపు మనిషి పడిపోతాడు అన్నాను. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగమన్నాను. వాడు అన్నిటికీ ఊ కొట్టి, "మరి రూట్ ఎన్నాళ్ళకి వస్తాది?" అని అడిగాడు.

మూడు నెలల తర్వాత వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. పైపు లోపలివైపు నుంచి తీసిన రూట్. అడుగున కాస్త పల్చబడింది గానీ మిగతా చుట్టంతా సమంగా, ముత్యంలా ఉంది. కింద ఇంకో ఫోటో, నవ్వుతూ వాడు, హెల్మెట్ పైకెత్తి, ముక్కు చుట్టూ మసి.

"రూట్ బాగుందిరా. మాస్కేదీ?" అని రాశాను.

"ఇక్కడ ఎవులూ ఎట్టరు చిన్నాన్నా."

కంచిలి వెళ్తున్న ఒక ఫిట్టరు చేత రెండు మాస్కులు, ఆరు జతల ఫిల్టర్లు పంపించాను. ఒకటి వాడికి, ఒకటి వాడి పక్కన చేసే కుర్రాడికి. ఒక్కడే పెట్టుకుంటే నవ్వుతారు కదా.