ఓటు – పశువు – చట్టం



ఎన్నికలు వచ్చాయంటే చాలు, బాగేపల్లి, గుడిబండ, చేళూరు పల్లెల్లో అభ్యర్థులు ఇల్లిల్లూ తిరుగుతారు. మనం రోడ్డు అడుగుతాం, తాగే నీళ్లు అడుగుతాం, పింఛను అడుగుతాం. ఆయన నిలబడి దండం పెడుతున్న చోటికి నాలుగు బారల దూరంలోనే సీమావు కట్టేసి ఉంటుంది. రెండు పూటలా డెయిరీకి పోసే దాని పాలతోనే ఆ ఇంటి ఖర్చు గడుస్తుంది. దాని సంగతి మాత్రం ఆయన ఎత్తడు, మనమూ అడగం. పశువుల చట్టాల్లో ఏముంది, వాటిపై పార్టీలు ఏమన్నాయి, ఓటడగడానికి వచ్చినవారిని మనం ఏమడగాలి అన్నది ఈనాటి ప్రసంగాంశం. ఫలానావారికి ఓటు వేయండని చెప్పడం మాత్రం దీని ఉద్దేశం కాదు.

ముందుగా ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోవాలి. మన రాజ్యాంగం పశు సంరక్షణ, పశు వైద్యం రాష్ట్రాల జాబితాలో పెట్టింది. పశువులపై క్రూరత్వాన్ని ఆపడం అన్నది ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే దానిపై ఢిల్లీలోనూ చట్టం చేయవచ్చు, బెంగళూరులోనూ చేయవచ్చు. కనుక గోవధ చట్టం గురించి ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాలి. హింస నివారణ చట్టం గురించి ఎంపీ అభ్యర్థిని కూడా అడగవచ్చు. ఊరిలో పశువుల నీటి తొట్టి ఎండిపోతే గ్రామ పంచాయితీకి నిలబడినవారిని అడగాలి.

కేంద్ర చట్టం 1960 నాటిది. దాని వెనుక ఉన్నది ఒక నాట్య కళాకారిణి అంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. రాజ్యసభకు నియమితురాలైన రుక్మిణీదేవి అరండేల్ మూగజీవాల కోసం సొంతంగా బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని ప్రధాని నెహ్రూ మాట ఇచ్చారు, ఆ మాట ప్రకారమే చట్టం వచ్చింది. దాని కింద 1965లో వచ్చిన నియమాలు మన ఎద్దులబండికి కూడా వర్తిస్తాయి. పశువు చేత రోజుకు 9 గంటలకు మించి బండి లాగించరాదు. విశ్రాంతి లేకుండా వరుసగా 5 గంటలకు మించి లాగించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 దాకా కాడి దించాలి. మన పెద్దలు ఏ చట్టమూ చదవకుండానే చాలావరకు ఇలాగే చేసేవారు. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం పెట్టిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. 1960లో యాభై రూపాయలంటే లెక్కే, తర్వాత అది టీ ఖర్చుకు దిగిపోయింది. దాన్ని పెంచాలని 2022లో కేంద్రం ఒక ముసాయిదా వెలువరించింది. ఏ ఎన్నికల సభలోనైనా దాని మాట మీరు విన్నారా?

సభల్లో వినబడేది గోవధ చట్టం. కర్ణాటకలో 1964 నుండే ఈ చట్టం ఉంది. ఆవును, దూడను, బర్రెదూడను వధించరాదని, 12 ఏండ్లు దాటిన లేదా పనికిరాని ఎద్దును, బర్రెను అధికారి సర్టిఫికెట్‌తో వధించవచ్చని అది చెప్పింది. 2010లో బీజేపీ ప్రభుత్వం కఠినమైన బిల్లు తెచ్చింది గాని దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. 2013లో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది. 2020 డిసెంబరులో బీజేపీ ప్రభుత్వం మళ్లీ శాసనసభలో బిల్లు నెగ్గించింది. విధాన పరిషత్తులో ఆగిపోవడంతో 2021 జనవరిలో ఆర్డినెన్సు, ఫిబ్రవరిలో గొడవల మధ్య పరిషత్తు ఆమోదం వచ్చాయి. దీని ప్రకారం ఆవు, దూడ, ఎద్దు ఏ వయసుదైనా వధించరాదు. బర్రెకు, దున్నకు 13 ఏండ్లు నిండాలి. తప్పు చేస్తే 3 నుండి 7 ఏండ్ల జైలు, ఒక్కో పశువుకు 50 వేల నుండి 5 లక్షల దాకా జరిమానా.

గోవు మన సంస్కృతి, దాన్ని కాపాడడం రాజ్యాంగం 48వ అధికరణం చెప్పిన మాటే అని బీజేపీ వాదం. రైతు ముసలి పశువును అమ్ముకోలేక నష్టపోతాడని కాంగ్రెస్, అప్పట్లో జేడీఎస్ వాదించాయి. బాగేపల్లి 1983, 1994, 2004లలో ఎర్రజెండాను శాసనసభకు పంపిన నియోజకవర్గం. ఆ వామపక్షాల వాదన ఏమిటంటే పశువు రైతు ఆస్తి, అమ్ముకునే హక్కు అతనిదే అని. 2017 మేలో పశువుల సంతల మీద కేంద్రం ఆంక్షలు పెట్టినప్పుడు కూడా వారు ఇదే మాట అన్నారు. ఆ ఆంక్షలను సుప్రీంకోర్టు ఆ ఏడాది జూలైలో నిలిపివేసింది. 2023లో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక పశుసంవర్ధక మంత్రి కె. వెంకటేశ్, బర్రెను కోయగా లేనిది ఆవును ఎందుకు కోయరాదని అడిగి పెద్ద దుమారం లేపారు. తన తోటలో చచ్చిన ఆవును పూడ్చడానికి పడిన పాట్లు కూడా చెప్పారు. దుమారం సద్దుమణిగింది, చట్టం మాత్రం వెంటనే రద్దు కాలేదు.

మన సరిహద్దులో మరో చిక్కు ఉంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ 1977 చట్టం. ఆవుకు రక్షణ అక్కడా ఉంది, కాని సేద్యానికి, సంతానానికి పనికిరాదని సర్టిఫికెట్ ఉంటే ఎద్దును వధించవచ్చు. ఒకే సంతలో కొన్న ఎద్దుకు అవతల ఒక చట్టం, ఇవతల ఒక చట్టం. వధ కోసం పశువును రాష్ట్రం దాటించడం మన చట్టం కింద నేరం. కనుక సేద్యానికే కొన్నా, రసీదు, పశువైద్యుడి సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోవడం మేలు.

అయితే ఈ వాదాలన్నీ పశువు ఎలా చావాలన్న దాని చుట్టూ తిరుగుతాయి. అది ఎలా బతకాలన్నది ఎవరు చెబుతారు? సీమావుకు కోడెదూడ పుడితే అది దుక్కికి రాదు. ఆవు వట్టిపోతే మేత ఖర్చు మిగులుతుంది, పాలు ఉండవు. వధించరాదన్న చట్టం ఆ మేత ఎవరు పెట్టాలో చెప్పదు. గోశాలల్లోని పశువులను దాతలు ఏడాదికి 11 వేల రూపాయలిచ్చి దత్తు తీసుకునేలా 2022లో ‘పుణ్యకోటి’ పథకం వచ్చింది. మంచిదే. కాని రైతు కొట్టంలో ఉన్న వట్టిపోయిన ఆవుకు అది అందదు.

ఇక గోమాళం. కర్ణాటక భూకందాయ నియమాల ప్రకారం ఊరిలో ప్రతి 100 పశువులకు 12 హెక్టార్లు, అంటే సుమారు 30 ఎకరాలు మేతకు వదలాలి. మీ ఊరి గోమాళం ఎంత మిగిలిందో ఒకసారి చూడండి. దాంట్లో ఎవరి గుడిసె లేచింది, ఎవరి దరఖాస్తు పెండింగులో ఉంది? గోవు పేరు చెప్పి ఓటడిగేవారూ, రైతు పేరు చెప్పి ఓటడిగేవారూ గోమాళం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఎందుకంటే పశువుకు ఓటు లేదు, దరఖాస్తు పెట్టిన మనిషికి ఓటు ఉంది. ఆ మనిషి కూడా భూమి లేని పేద కావచ్చు. కనుకనే ఇది కష్టమైన ప్రశ్న. కష్టమైనది కనుకనే అడగాలి.

వేరే దేశాల్లో ఇలాంటి సంగతులు నేరుగా ప్రజల ముందు పెడతారు. స్విట్జర్లాండులో ఆర్మిన్ కపౌల్ అనే రైతు, ఆవు కొమ్ములు తీయించకుండా పెంచేవారికి ప్రభుత్వం సాయం చేయాలని సంతకాలు సేకరించాడు. 2018 నవంబరులో దేశమంతా ఓటు వేసింది. ఆయన ఓడిపోయాడు, అయినా దాదాపు 45 శాతం మంది ఆయన వైపు నిలిచారు. ఆవు కొమ్ము గురించి ఒక దేశమంతా ఇంటింటా మాట్లాడుకున్నది.

మనకు అలాంటి ఓటింగు లేదు. మన గడపకు వచ్చే అభ్యర్థే మనకు అవకాశం. ఆయన్ను నాలుగు మాటలు అడగండి. అయ్యా, మా పశువుల ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే నింపిస్తారా? 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు మా పల్లెకు ఎంత సేపట్లో వస్తుంది? వట్టిపోయిన ఆవును సాకే రైతుకు మేత సాయం ఇప్పిస్తారా, లేక అమ్ముకునే దారి చూపిస్తారా? మా గోమాళం కొలిపించి హద్దు రాళ్లు వేయిస్తారా?

జవాబు ఏదైనా ఇవ్వనివ్వండి, గుర్తుపెట్టుకోండి. ఐదేండ్లకు ఆయన మళ్లీ అదే వాకిట్లోకి వస్తాడు. అప్పటికి ఆ ఆవు ఉంటుందో ఉండదో గాని, మీరు అడిగిన మాట ఉంటుంది.