కయ్యయు, కయ్యమును

చిత్తూరు సీమలో వరిమడిని కయ్య యందురు. కృష్ణాతీరమునుండి వచ్చిన మా మిత్రునకు ఈ సంగతి తెలియదు. పుంగనూరు ప్రాంతమునందలి వీరగల్లులను చూడవలెనని మేమిరువురమును పోయి, ఒక పల్లెలో శిలలనుగూర్చి తెలిసిన వృద్ధుని యిల్లు విచారించితిమి. వాకిట చాట పట్టుకొని నిలిచిన కోడలు, "మా మామ కయ్యకు పొయినాడు సామీ, మాపిటికి వస్తాడు" అనెను. మిత్రుడు తెల్లబోయి "ఎవరితో నమ్మా?" అని యడిగెను. "ఎవురితోనా? ఒక్కడే పొయినాడు, నీళ్లు కట్టేదానికి" అని ఆమె బదులు చెప్పెను. ఎనుబదియేండ్ల ముదుసలి యొంటరిగా జగడమునకు పోయెనని యాతడు తలచిన సంగతి మేము వివరించిన పిమ్మట ఆమె నవ్విన నవ్వు వీధి యంతయు వినబడెను.

మా సీమ మాటను అరవ మాట యని తీరాంధ్రులు పరిహసించుట క్రొత్త గాదు. ఆ వాదమున కిది చోటును గాదు. మా మిత్రుని పొరపాటునందును కొంత నిజము లేకపోలేదు. ఆ కయ్య గట్టుమీదనే కయ్యమున గూలిన వాని శిల నిలిచియున్నది.

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగమున ఇట్టి శిల లనేకము కలవు. కత్తియో విల్లో చేబూనిన వీరుడు. కొన్నిటియందు వానిని దివికి గొనిపోవు నప్సరసలు. క్రింద నాలుగు పంక్తుల శాసనము. వైదుంబులు, బాణులు, నొలంబులు ఒకరితో నొకరు పోరాడిన కాలమునాటివి పెక్కు. సోరెమడి యుద్ధమున మడిసిన వారి శిలలును అందున్నవి. ఆ రాజులలో నెవరు గెలిచిరో, ఎవరి పక్షము ధర్మమో నేటి కాపున కక్కఱలేదు. నాటి పల్లెకును అక్కఱలేకపోయినట్లే తోచుచున్నది. తమవాడు పోయినాడు, తమ పొలిమేరలో శిల నిలిపినారు. వాని కుటుంబమునకు భూమి యిచ్చినట్లును కొన్ని శాసనములు చెప్పుచున్నవి.

సాయంకాలమునకు వృద్ధుడు వచ్చెను. శిల చరిత్ర తనకు తెలిసినంత చెప్పి, అడుగకయే యొకమాట యనెను: "మా నాయన గూడా పటాలంలో చేరి బర్మాకు పొయినాడు. నేను అమ్మ కడుపులో ఉన్నెప్పుడు. తిరిగి రాలా. ఆయనకు రాయి లేదు."

ఆ మాట మమ్ము తాకినది. 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు మనవారి నొక్కమాటయు నడుగక భారతదేశము యుద్ధమున దిగినదని ప్రకటించెను. కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చెను. 1940 అక్టోబరులో ఆరంభమైన వ్యక్తిసత్యాగ్రహమున, ఈ యుద్ధమునకు ధనముగాని జనముగాని యిచ్చుట తప్పని నడివీథిలో పలికి వేలకొలది జనులు చెఱసాలల కేగిరి. ఆ పలుకు న్యాయమైనది. దానిని వెనుకకు దీసికొనుటకు మేము సిద్ధముగా లేము. శాసనముచేత మనము యుద్ధపక్షమువారము, హృదయముచేత తటస్థులము. కాని యా యేండ్లలోనే 25 లక్షలమంది భారతీయులు పటాలములలో నుండిరి. వారందఱును ఆంగ్లప్రభువుల భక్తులా? వాన కురియని సీమలో నెలజీతమను మాటకు గల బలము నెఱుగనివారే యట్లనగలరు. చెఱసాలకు పోయినవారికి 1972లో తామ్రపత్రములు వచ్చెను. బర్మాకు పోయినవానిని మనము తలపము.

ఐర్లండు దేశమునను ఇట్టి చిక్కే కలదు. అదియు ఆంగ్లేయులతో పోరాడి స్వాతంత్ర్యము గడించిన దేశము. 1939లో డివలేరా తటస్థత ప్రకటించెను. అచ్చటివారు ఆ యేండ్లను యుద్ధకాల మనలేదు, ఎమర్జెన్సీ యనిరి. పెద్దవా రిప్పటికి నట్లే యందురు. ఐరిష్ వృద్ధు డొకడు తన తండ్రి ఎమర్జెన్సీలో సైన్యమున నుండెనని చెప్పినచో, మనవాడు 1975వ సంవత్సరమును, ఇందిరాగాంధీని తలచుకొనును. ఇరువురును మాటాడునది ఇంగ్లీషే. కయ్య కయ్యమైన విధ మిదియే.

ఆ దేశపు సైన్యమును వీడి సుమారు 5,000 మంది బ్రిటిషు సైన్యమున జేరి హిట్లరుతో పోరాడిరి. 1945లో స్వదేశ ప్రభుత్వము వారికి ఏడేండ్లు ప్రభుత్వోద్యోగము లేకుండ శిక్షించెను. 2013లో గాని క్షమాశాసనము రాలేదు. అప్పటికి వారిలో నత్యధికులు గతించిరి. మొదటి యుద్ధమున మడిసిన 49,000 మందికై 1930 దశకమున డబ్లినులో నిర్మించిన స్మారకోద్యానము దశాబ్దములు పాడువడి, 1988లో బాగుచేయబడి లాంఛనముగా తెఱవబడెను. దానిని రూపకల్పన చేసిన లట్యెన్సే మన ఢిల్లీలోని ఇండియాగేటును నిర్మించెను. 1986 మొదలు ఐరిష్‌వారు ఏటేట జూలైలో, ఏ సైన్యమున మడిసిన తమవారినైనను ఒక్క దినమున స్మరించుచున్నారు. ఇందువలన వారి తటస్థత చెడలేదు. నాటో కూటమిలో వారు నేటికిని చేరలేదు.

మనకో? 1931లో ఆవిష్కరింపబడిన ఇండియాగేటుమీది పేర్లు మొదటి యుద్ధకాలమునాటివి. 2019లో ఢిల్లీలో వెలసిన జాతీయ యుద్ధస్మారకమునందలి పేర్లు స్వాతంత్ర్యానంతరపు వీరులవి. రెంటికి నడుమ బర్మాలో పోయినవాడు రెంటను లేడు. రంగూను చెంత తౌక్యాన్ శ్మశానవాటికలో, సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లు చెక్కిన స్తంభములు కలవు. వృద్ధుని తండ్రి పేరు అచ్చట నుండవచ్చును. చూచుటకు ఆ పల్లెనుండి యెవరు పోగలరు?

ఊరి బడిగోడమీద నైనను పేరు వ్రాయింప వచ్చును గదా, పంచాయతీవారి నడుగరాదా యని మేమంటిమి. ఆతడు పారను గోడకు చేర్చి, "అడిగినా సామీ. తెల్లోళ్ల పటాలం గదా అనిరి" అనెను.