చార్మినార్: అపోహలు, వాస్తవాలు

కుతుబ్ షాహీ వంశంలో ఐదవ సుల్తానైన మహమ్మద్ కులీ కుతుబ్ షా, ప్రజలను పీడిస్తున్న మహమ్మారి తగ్గితే ఒక ప్రార్థనా స్థలం కట్టిస్తానని మొక్కుకున్నాడనీ, ఆ మొక్కు చెల్లించడానికే 1591లో చార్మినార్‌ను నిలబెట్టాడనీ చెప్పే కథ ఎంతగా పాతుకుపోయిందంటే, దానిని ప్రశ్నించాలన్న ఆలోచనే చాలామందికి రాదు. అయితే ఈ కథను బలపరిచే గట్టి సమకాలీన ఆధారం లేదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కట్టడానికి సంప్రదాయంగా చెప్పుకునే కాలసూచిక మరో దిక్కు చూపుతుంది. అరబీ అక్షరాలలో ఒక్కొక్కదానికి ఒక సంఖ్యా విలువ ఉంటుంది. ఆ విలువలను కూడితే సంవత్సరం తేలేలా పదాలను కూర్చే పద్ధతిని అబ్జద్ అంటారు. తెలుగు శాసనాలలో శక సంవత్సరాన్ని భూతసంఖ్యలతో చెప్పడాన్ని ఇది కొంతవరకు పోలి ఉంటుంది. చార్మినార్ కాలసూచిక ‘యా హాఫిజ్’, అంటే ‘ఓ రక్షకా’ అని. అందులోని అక్షరాల విలువలు కూడితే సరిగ్గా 1000 వస్తుంది. సామాన్య శకం 1591–92తో సరిపోయే హిజ్రీ 1000 ఇస్లామిక్ కాలమానంలో ఒక సహస్రాబ్ది నిండిన సంవత్సరం కాబట్టే ఉత్తరాన అక్బరు కూడా ఆ సందర్భానికి గుర్తుగా ‘అల్ఫ్’, అంటే వెయ్యి, అని ముద్రించిన నాణేలు వేయించాడు. రక్షకుణ్ణి పిలిచే ఆ పదబంధమే తరువాతి తరాలలో మహమ్మారి కథకు ఊపిరి పోసి ఉండవచ్చునన్నది ఊహ మాత్రమే అయినా, కొట్టిపారేయదగిన ఊహ కాదు.

ఈ అపోహకు, మరికొన్నింటికి కూడా, మూలం ఒకటే. చార్మినార్‌ను ఏదో ఒక సంఘటనకు గుర్తుగా కట్టిన ఒంటరి స్మారకంగా చూడడం వల్ల అది ఒక కొత్త నగరానికి నడిబొడ్డు అన్న సంగతి మరుగున పడుతుంది. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీటికీ నివాసానికీ ఇబ్బంది పెరగడంతో రాజధాని మూసీ దక్షిణపు ఒడ్డుకు విస్తరించవలసి వచ్చింది. సుల్తాను పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్తరాబాదీ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న నగర ప్రణాళికలో రెండు ప్రధాన రహదారులు కలిసే కూడలిని ఎంచుకొని, ఆ కూడలి మీదనే చార్మినార్‌ను కట్టారు. నాలుగు దిక్కులకూ తెరుచుకున్న నాలుగు పెద్ద కమానులు నాలుగు దారులకు ద్వారాలు. ఉత్తరాన చార్ కమాన్ అనే నాలుగు తోరణాలు, వాటి నడుమ నేడు గుల్జార్ హౌజ్‌గా పిలిచే నీటి కొలను, ఆ చెంతనే రాజప్రాసాదాలు ఉండేవి. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత ఆ ప్రాసాదాలు నామరూపాలు లేకుండా పోవడం వల్లనే చార్మినార్ నేడు ఏకాకిగా కనిపిస్తుంది.

భాగమతి ప్రేమకథను చార్మినార్‌తోనూ, మూసీ మీది పురానాపూల్‌తోనూ ముడిపెట్టడం మరొక అలవాటు. ప్రియురాలు భాగమతిని కలుసుకోవడానికి యువరాజు మహమ్మద్ కులీ వరద నీటిలోకి గుర్రాన్ని దూకించగా, తండ్రి ఇబ్రహీం కులీ భయపడి వంతెన కట్టించాడని కథ. ఆ వంతెన 1578 నాటిది. మహమ్మద్ కులీ పుట్టింది 1565–66 ప్రాంతంలో. పన్నెండు, పదమూడేళ్ల బాలుడి ప్రణయం కోసం రాతి వంతెన వెలసిందనడం కంటే, గోల్కొండను ఆవలి ఒడ్డుతో కలిపే అవసరం అప్పటికే ఏర్పడిందనడం సమంజసం. భాగమతి అసలు ఉన్నదా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ కాలపు రచయితలైన ఫైజీ, ఫెరిష్తా ఆమె ప్రస్తావన చేశారు. ఆధునిక చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వాణీ ఆ కథను అంగీకరించలేదు. ఈ వాదం తేలనిదే గానీ, వంతెన కథ మాత్రం తేదీల దగ్గరే వీగిపోతుంది.

చార్మినార్ మొత్తం ఒక మసీదు అనుకోవడం సగం నిజమే. మసీదు ఉన్నది పై అంతస్తులో, పడమటి వైపున. కింది భాగం అన్ని వైపులా తెరిచి ఉన్న కూడలి మంటపం. నిజాములు కట్టించారన్న మాట పూర్తిగా తప్పు, ఎందుకంటే వారి వంశమైన ఆసఫ్ జాహీల పాలన 1724లో గాని మొదలుకాలేదు. వారి కాలంలో చేరినవి 1889 నాటి గడియారాలు. గోల్కొండ దాకా సొరంగం ఉందన్న ప్రచారానికీ నిరూపణ లేదు. సుమారు 8 కిలోమీటర్ల దూరం, గట్టి నల్లరాతి నేల, మధ్యలో మూసీ నది అడ్డం ఉండగా అటువంటి సొరంగాన్ని నమ్మాలంటే ఊరి మాట కాక ఇంకేదైనా ఆధారం కావాలి.

నేటి నగర జీవనానికి నేరుగా తగిలే అపోహ ఇంకొకటి ఉంది. చుట్టూ ఉన్న చిల్లర వ్యాపారులు, తోపుడు బండ్లు ఈ మధ్య వచ్చిపడిన బెడద అనీ, ఒకప్పుడు చార్మినార్ విశాలమైన ఖాళీ నేల మధ్య ప్రశాంతంగా ఉండేదనీ చాలామంది భావన. 1660లలో హైదరాబాద్ చూసిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఈ కట్టడపు అందాన్ని మెచ్చుకుంటూనే, దాని చుట్టూ గడ్డి కప్పిన కొయ్య దుకాణాలలో పండ్లు అమ్ముతున్నారని, అవి చూడ ముచ్చటగా లేవని రాశాడు. అంటే కట్టిన డెబ్బై, ఎనభై ఏళ్లకే అక్కడ అంగళ్లు స్థిరపడ్డాయి. పడమటి దిక్కున లక్క గాజులకు పేరొందిన లాడ్ బజార్ కూడా ఈ కూడలి బతుకులోని భాగమే గాని దాని మీది ఆక్రమణ కాదు. కొత్తగా వచ్చినవి మోటారు వాహనాలు, వాటి పొగ, వాటి అదురు. నల్లరాయి, సున్నపు గార కలిపి కట్టి, పైన గచ్చుతో పూలూ లతలూ తీర్చిన ఈ కట్టడానికి ఎక్కువగా దెబ్బ తగిలేది ఆ గచ్చు పనికే. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది కూడా. కాబట్టి కూడలి చుట్టూ వాహనాలను ఆపి నడిచేవారికి దారి వదలడం అవసరమైన పని. అదే పేరుతో గాజులవారినీ పండ్లవారినీ తరిమివేయడాన్ని పరిరక్షణ అనడానికి మాత్రం చరిత్ర ఒప్పుకోదు.