రోజుకో భారతకథ

1999 జూన్ 19. ద్రాస్ కొండల్లో ఫిరంగుల మోత ఆగని రోజులు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో ఓ కంపెనీ కమాండర్ కాస్త తీరిక దొరకబుచ్చుకుని హైదరాబాద్‌లో ఉన్న నాన్నకి ఉత్తరం రాశాడు. పెద్ద ఉత్తరమేం కాదు. ప్రాణనష్టం గురించి దిగులు పెట్టుకోవద్దన్నాడు, ఈ ఉద్యోగంలో అది మన చేతుల్లో లేని సంగతి, పైగా మంచి పని కోసమే కదా అన్నాడు. యుద్ధంలో పాల్గొనే అవకాశం జీవితానికంతటికీ ఒక గౌరవం అని అమ్మకి చెప్పమన్నాడు. ఆ తర్వాత నాన్నకి ఓ పని అప్పగించాడు. గర్భవతిగా ఉన్న తన భార్యకి రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పాలి. పుట్టబోయే మీ మనవడికో మనవరాలికో మంచి బుద్ధులు అబ్బుతాయి, అని.

యుద్ధం మధ్యలో కూర్చున్న మనిషి తన రక్షణ గురించి కాదు, కడుపులో ఉన్న బిడ్డ వినాల్సిన కథల గురించి ఆలోచించాడు. ఆ ఉత్తరం రాసిన మేజర్ పద్మపాణి ఆచార్యకి రెండు రోజుల తర్వాత, జూన్ 21న, 31 ఏళ్లు నిండాయి. ఇంకో వారానికి, జూన్ 28 రాత్రి, ఆయన లేడు.

తెలుగు పాఠకుడికి ఈ ఉత్తరం చదవగానే గుర్తొచ్చేది ఒక్కటే. సుభద్ర కడుపులో ఉండగా పద్మవ్యూహం గురించి విన్న అభిమన్యుడు. లోపలికి వెళ్లే దారి తెలిసింది, బయటికొచ్చే దారి వినేలోపే కథ ఆగిపోయింది. ఇక్కడ తిరగబడిందేమిటంటే, వ్యూహంలోకి వెళ్లింది తండ్రి.

విమానాల ఇంట్లో కాల్బలం సైనికుడు

ఆచార్యల సొంత రాష్ట్రం ఒడిశా. స్థిరపడింది హైదరాబాద్‌లో. తండ్రి జగన్నాథ్ ఆచార్య వైమానికదళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరయ్యారు. 1965, 1971 యుద్ధాల కాలంలో యూనిఫాంలో ఉన్న తరం ఆయనది. యుద్ధమంటే ఏమిటో తెలియని ఇల్లు కాదు. అలాంటి ఇంటికి 'దిగులు పెట్టుకోవద్దు' అని రాయడంలో ఉన్న బరువు ఎంతో రాసినవాడికీ తెలుసు, చదివినవారికీ తెలుసు.

1968లో పుట్టిన పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశాడు. నాన్న బాటలో ఆకాశంలోకి వెళ్లకుండా నేలమీది సైన్యాన్ని ఎంచుకున్నాడు. 1993లో మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో చేరాడు. డిగ్రీ అయ్యాక సైన్యంలోకి రావాలనుకునే కుర్రాళ్లు ఎక్కువగా తొక్కే గడప అది. 1994లో సెకండ్ లెఫ్టినెంట్‌గా బయటికొచ్చాడు. (ఆ హోదా ఇప్పుడు మన సైన్యంలో లేదు. కొత్త ఆఫీసర్లు నేరుగా లెఫ్టినెంట్లే.) దక్కిన రెజిమెంటు రాజ్‌పుతానా రైఫిల్స్. 1775 నాటి పుట్టుక, భారత సైన్యంలో అన్నిటికన్నా పాత రైఫిల్ రెజిమెంటు. జవాన్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. 'రాజా రామచంద్ర కీ జై' అన్నది వాళ్ల రణనినాదం. ఒడియా మాట్లాడే ఇంట్లో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగి, అలాంటి వందమంది చేత 'సాబ్' అనిపించుకోవాలంటే భుజమ్మీది నక్షత్రాలు ఒక్కటే సరిపోవు. వాళ్లకంటే ముందు కొండెక్కాలి.

పద్మపాణి అంటే చేతిలో తామరపువ్వు ఉన్నవాడు. అజంతా మొదటి గుహలో తల కాస్త వంచి నిలబడి ఉండే బోధిసత్వుడి పేరు అదే. దయకి గుర్తు. అలాంటి పేరున్న మనిషి తుపాకీ పట్టాడు. సైనికుల ఇళ్లలో ఇలాంటివి మామూలే కాబోలు.

తోలోలింగ్ తర్వాత...

కార్గిల్ యుద్ధాన్ని అర్థం చేసుకోడానికి ఒక రోడ్డుని గుర్తుపెట్టుకుంటే చాలు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే జాతీయ రహదారి. లద్దాఖ్‌కి సరుకులు, సైన్యం, మందుగుండు వెళ్లే దారి. 1999 వేసవిలో పాకిస్థాన్ సైనికులు నియంత్రణరేఖ దాటొచ్చి ఆ రోడ్డుకి ఎగువనున్న శిఖరాల మీద బంకర్లు కట్టుకుని కూర్చున్నారు. పైన కూర్చున్నవాడికి కింద వెళ్లే ప్రతి లారీ కనిపిస్తుంది. ఫిరంగిగుండు ఎక్కడ వేయాలో వెనక్కి చెబితే చాలు.

ద్రాస్ ఊరికి నెత్తిన ఉన్నట్టుండే శిఖరం తోలోలింగ్. దాన్ని తిరిగి పట్టుకోడానికి మన సైన్యం మూడు వారాలు తల్లడిల్లింది. చివరికి జూన్ 12 రాత్రి మొదలుపెట్టి 13 తెల్లారేసరికి రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ దాన్ని గెలిచింది. మేజర్ వివేక్ గుప్తాని అక్కడే పోగొట్టుకుంది. ఆ యుద్ధంలో మనకి దక్కిన మొదటి పెద్ద గెలుపు అది. పద్మపాణి ఉత్తరం రాసింది ఆ గెలుపు తర్వాత ఆరో రోజున. ప్రాణనష్టం గురించి అతను రాసిన మాట ఊహించి రాసింది కాదు. పక్క కంపెనీ కమాండర్‌ని పంపించి వారం తిరగలేదు.

తోలోలింగ్‌కి పడమటగా ఇంకో వరుస ఉంది. సైనిక పటాల్లో వాటికి పెట్టుకున్న పేర్లు వింటే నవ్వొస్తుంది. నోల్, అంటే గుట్ట. లోన్ హిల్, ఒంటికొండ. త్రీ పింపుల్స్, మూడు మొటిమలు! మ్యాపు మీద మొటిమల్లా కనిపించేవి దగ్గరికెళితే పదిహేను వేల అడుగుల ఎత్తులో కత్తి అంచులాంటి రాతి గట్లు. ఊపిరి సగమే అందుతుంది. చెట్టు ఉండదు, పొద ఉండదు, దాక్కోడానికి రాళ్లు తప్ప ఏమీ ఉండవు. ఎక్కేవాడు మోస్తున్న తుపాకీ, తూటాలు, గ్రెనేడ్లు అడుగడుగుకీ బరువెక్కుతుంటాయి. పైనున్నవాడికి ఇవేవీ ఉండవు. అతను మెషిన్‌గన్ వెనక కూర్చుని ఎదురుచూస్తే చాలు.

కల్నల్ ఎం.బి.రవీంద్రనాథ్ నాయకత్వంలోని బెటాలియన్‌కి ఈ వరుసని పట్టుకోమని ఆదేశం వచ్చింది. నోల్ బాధ్యత పద్మపాణి కంపెనీది. అది దొరికితేనే మిగతా దాడి ముందుకు సాగుతుంది.

పున్నమి రాత్రి

జూన్ 28 నిండు పున్నమి. మన పంచాంగం ప్రకారం ఏరువాక పున్నమి. ఇక్కడ రైతులు ఎడ్ల కొమ్ములకి రంగులు పూసి పొలం దున్నడానికి వెళ్లే రోజు. అక్కడ, చీకటి మాటున కొండెక్కాల్సిన సైనికులకి వెన్నెలే శత్రువైంది. తెల్లటి రాళ్ల మీద కదిలే ప్రతి మనిషీ కనిపిస్తాడు.

ముందు నడిచిన ప్లటూన్‌కి లెఫ్టినెంట్ విజయంత్ థాపర్ నాయకుడు. వయసు 22. సైన్యంలోకి వచ్చి ఏడు నెలలు కూడా నిండలేదు. దాడి మొదలైన కాసేపటికే శత్రువు ఫిరంగిగుండ్లు సరిగ్గా ఆ ప్లటూన్ మీదే వచ్చి పడ్డాయి. ఎందరో కూలిపోయారు. దాడి అక్కడితో ఆగిపోయేలా ఉంది.

ఇలాంటి క్షణంలో కంపెనీ కమాండర్ ముందు రెండే దారులుంటాయి. ఆగి, మిగిలినవాళ్లని కూడదీసుకుని, మరో రోజు రావచ్చు. తప్పనేవాళ్లుండరు. లేదా అవసరానికని వెనక ఉంచుకున్న రిజర్వు ప్లటూన్‌ని బయటికి తీయాలి. పద్మపాణి రెండోది చేశాడు. దాన్ని ఇంకొకరికి అప్పగించి పంపలేదు, తానే తీసుకెళ్లాడు. పడుతున్న గుండ్ల మధ్యనుంచే.

ఆ తర్వాత ఏం జరిగిందో మహావీర చక్ర ప్రశంసాపత్రంలో ఉంది. ప్రభుత్వ కాగితాలకి సహజంగా ఉండే పొడి భాషలో రాసినా చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. చుట్టూ తనవాళ్లు పడిపోతున్నా మిగిలినవాళ్లకి ధైర్యం చెబుతూ నిట్టనిలువు రాతిమీద ముందుకు దూసుకెళ్లాడు. తూటాలు వానలా కురుస్తుంటే బంకర్ దాకా పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. ఆ దాడిలో తీవ్రంగా గాయపడ్డాడు. కదల్లేని స్థితి. అప్పుడు తన జవాన్లకి ఇచ్చిన ఆజ్ఞ: నన్ను ఇక్కడే వదిలేసి ముందుకెళ్లండి. వాళ్లు వెళ్లారు. అతను పడున్న చోటునుంచే శత్రువు మీద కాలుస్తూ ఉన్నాడు. బంకర్ మనవాళ్ల చేతికొచ్చింది. పని పూర్తయ్యాక ప్రాణం పోయింది.

'నన్ను వదిలేసి వెళ్లండి' అన్న మాట సినిమాల్లో చాలాసార్లు విని ఉంటాం. కానీ గాయపడ్డ ఒక్క మనిషిని ఆ కొండ దింపాలంటే కనీసం నలుగురు కావాలి. ఆ నలుగురూ వెనక్కి తిరిగితే పైకెళ్లడానికి ఎవరూ మిగలరు. అతను లెక్క చూసే చెప్పాడు. లెక్కలో తనని తీసేశాడు.

ఆ రాత్రి పోయింది ఒక్కరు కాదు

తొలి దెబ్బ తిన్న ప్లటూన్‌ని కూడగట్టుకుని ముందుకెళ్లిన విజయంత్ థాపర్ కూడా ఆ రాత్రే నేలకొరిగాడు. కల్నల్ వి.ఎన్.థాపర్ కొడుకు. విజయంత ట్యాంకు పేరే కొడుక్కి పెట్టుకున్నారు. అతను కూడా ఓ ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు, తిరిగి రాకపోతే ఇంటికి అందించమని. కాశ్మీర్‌లో తను చేరదీసిన ఓ చిన్నపిల్లకి నెలనెలా డబ్బు పంపమని, వీలైతే తాము పోరాడిన చోటు వచ్చి చూడమని అందులో కోరాడు. తండ్రి ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి ద్రాస్ వెళ్తూ వచ్చారు.

మూడో ఆఫీసరు నాగాలాండ్‌కి చెందిన కెప్టెన్ నీకెళాకువో కెంగురూసె. నిజానికి అతనిది ఆర్మీ సర్వీస్ కోర్. రేషన్లు, ఇంధనం అందించే విభాగం. కాల్బలంతో కలిసి పనిచేయడానికి వచ్చి, మెరికల్లాంటి ఘాతక్ దళంతో కొండెక్కాడు. మంచుపట్టిన బండమీద బూట్లు జారుతుంటే వాటిని విప్పేసి, మైనస్ పది డిగ్రీల చలిలో వట్టికాళ్లతో పైకి పాకాడు. అతనికీ మహావీర చక్రే, మరణానంతరం. విజయంత్‌కి వీర చక్ర.

హైదరాబాద్, నోయిడా, నాగాలాండ్. మూడు దిక్కుల్లోని మూడు ఇళ్లు ఒక్క రాత్రిలో ఒకే కొండకి ముడిపడ్డాయి. కార్గిల్ యుద్ధం మొత్తంలో మన సైన్యం 527 మందిని పోగొట్టుకుంది. రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ ఒక్కదానికే 4 మహావీర చక్రాలు వచ్చాయి. వాటిలో మూడు మరణానంతరం ఇచ్చినవే.

నాగార్జున ముఖంతో...

మన దగ్గర చాలామందికి పద్మపాణి ఆచార్య పేరు తెలిసింది 2003 డిసెంబరులో. జె.పి.దత్తా తీసిన 'ఎల్‌ఓసీ కార్గిల్'లో ఆ పాత్ర వేసింది అక్కినేని నాగార్జున. హైదరాబాద్ మేజర్‌గా హైదరాబాద్ హీరో. నాలుగు గంటలకి పైగా సాగే సినిమా అది, ఓపిక పట్టి చూడాలి. తెర నిండా తారలే. అంతమంది మధ్యలో ఎవరు ఏ రెజిమెంటో, ఎవరిది ఏ కొండో చూసేవాళ్లకి కలగాపులగం అయిపోతుంది. అయినా ఓ మేలు జరిగింది. ఆ పేరు తెలుగిళ్లలోకి వచ్చింది. ఇబ్బంది ఏమిటంటే, పేరు వినగానే గుర్తొచ్చే ముఖం మాత్రం నాగార్జునది.

అసలు ముఖం చూడాలంటే పాత ఫొటోలే దిక్కు. పేరు చూడాలంటే ద్రాస్ వెళ్లాలి. తోలోలింగ్ పాదాల దగ్గర, రోడ్డు పక్కనే ఉంది యుద్ధస్మారకం. వెనక ఏ కొండమీద ఎవరు పోయారో అక్కడ నిలబడి తలెత్తితే కనిపిస్తుంది. గోడమీద పేర్లు వరుసగా చెక్కి ఉంటాయి. ఏటా జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, ఆ గోడ ముందు పూలు పేరుస్తారు. మిగతా రోజుల్లో లేహ్ వెళ్లే పర్యాటకులు కారాపి కాసేపు నిలబడి వెళ్తారు.

మహావీర చక్రని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. వెండి పతకం, సగం తెలుపు సగం కాషాయం రిబ్బను. యుద్ధంలో చూపిన సాహసానికి పరమవీర చక్ర తర్వాత అంతటిది. వెనకవైపు పతకం పేరుతోపాటు తామరపూలు చెక్కి ఉంటాయి. పద్మపాణి ఇంటికి చేరింది ఆ పతకమే. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు ఇంటికీ మరుసటి ఏడాది అదే చేరింది.

ఇంట్లో పద్మపాణిని మేజర్ అనీ, ఆచార్య అనీ ఎవరంటారు! వాళ్లకి బబ్లూ. అతను పోయిన కొన్ని నెలలకి ఆడపిల్ల పుట్టింది. ఓటమి ఎరుగనిది అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నాన్నని ఫొటోల్లో, ఉత్తరాల్లో, తాతా నానమ్మల మాటల్లో తప్ప ఎరగదు. ఆ పిల్లే పెద్దదయ్యాక ఆయన మీద ఓ పుస్తకం రాసింది.