ఫ్లాటులో కుక్కపిల్ల: ఒకటికీ రెండుకీ చోటెక్కడ?

విజయవాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ముందుగా చూడండి.

"మాది మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. మా అబ్బాయి పేచీ పెట్టి ఒక పామరేనియన్ పిల్లను తెప్పించుకున్నాడు. వచ్చి రెండు వారాలైంది. ఇప్పుడు దానికి పది వారాల వయసు. ఇల్లంతా దానిదే. సోఫా కింద ఒకటికి, మంచం పక్కన రెండుకి. మొన్న పూజగది గడప మీదే కానిచ్చింది. మా అత్తగారు ఆరోజు మూడుసార్లు తలంటుకున్నారు. మా వారు దాని మూతి అందులో పెట్టి రాసి, పేపరు చుట్టి రెండు తగిలించారు. అప్పట్నుంచీ మేము చూస్తుండగా పొయ్యదు, చాటుకు పోయి పోస్తోంది. మా ఆడపడుచు రెండు నెలల్లో పురిటికి వస్తుంది. ఈలోగా ఇది బుద్ధిగా ఒకచోట వెళ్ళడం నేర్చుకోకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిందేనని అత్తగారి తీర్పు. అబ్బాయి అన్నం మానేశాడు. పోనీ కిందికి తీసుకెళదామంటే, టీకాలన్నీ అయ్యేదాకా వీధిలో దించవద్దని డాక్టరుగారు చెప్పారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీ అత్తగారి కోపంలో అన్యాయమేమీ లేదు. గడప మీద కుక్క చేసిన పనిని ఏ పెద్దావిడా హర్షించదు. కాని కుక్కపిల్లదీ తప్పు లేదు. ఎక్కడ వెళ్ళకూడదో మీరందరూ దానికి చెప్పారు గాని, ఎక్కడ వెళ్ళాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పైగా, ఎప్పుడు వెళ్ళాలన్నది దాని చేతిలో లేని పని. ఆ వేళ మీరు కనిపెట్టాలి. ఈ పద్ధతి మొత్తానికి కీలకం అదే.

ఎందుకంటారా? రెండు నెలల చంటిబిడ్డ పక్క తడిపితే మనం కొట్టం కదా! కుక్కపిల్ల సంగతీ అంతే. మూత్రాశయం చిన్నది, దాన్ని బిగబట్టే కండరాలు ఇంకా ముదరలేదు. వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. అదీ పడుకుని ఉన్నప్పుడు, మహా అయితే. మెలకువగా ఆడుతూ ఉంటే గంటకోసారి కూడా రావచ్చు. పామరేనియన్, పగ్, షిట్జు వంటి పొట్టి జాతులకు మరీ తొందర. నీళ్ళు తాగడం, పొయ్యడం వెంటవెంటనే జరిగిపోతాయి.

రెండో సంగతి తిండి. పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. పొద్దున్న కాఫీ గొంతు దిగగానే మనలో చాలామందికి ఎటు పరుగెత్తవలసి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కుక్కపిల్లకు తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపల ఆ పని పడుతుంది. రోజుకు నాలుగుసార్లు తినే పిల్లకు నాలుగు వేళలు ముందే తెలిసిపోయినట్టే. అందుకే గిన్నె ఎప్పుడూ నింపి ఉంచకండి. వేళకు పెట్టండి, పావుగంట చూసి తీసెయ్యండి. వేళకు తింటే వేళకు వెళుతుంది.

కొట్టడం వల్ల ఏమైంది?

ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది గడప సంగతి కాదు, "చాటుకు పోయి పోస్తోంది" అన్న మాట. కుక్క తాను చేసిన పనికీ, దాని ఫలితానికీ ముడి పెట్టుకోవాలంటే రెండూ క్షణాల తేడాలో జరగాలి. పది నిమిషాల క్రితం పోసినదాని దగ్గరకు ఈడ్చుకొచ్చి మూతి రాస్తే దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి ఉన్నట్టుండి ప్రమాదకరంగా మారతాడు. పోస్తుండగా కొడితే ఇంకొకటి అర్థమవుతుంది: మనుషుల ఎదుట పొయ్యకూడదు. మీ పిల్ల సరిగ్గా అదే నేర్చుకుంది. ఇక మీరు ట్రే దగ్గర నిలబెట్టి ఎంత బతిమాలినా అది పొయ్యదు. మీరు అటు తిరగగానే సోఫా కిందికి దూరుతుంది. కొందరు పిల్లలు భయంతో తమ మలం తామే తినేస్తాయి కూడా.

"కాదండీ, చేసిన తప్పు దానికి తెలుసు, చెవులు వాల్చి దొంగచూపులు చూస్తుంది" అంటారు చాలామంది. ఆ చూపు మీదే అమెరికాలో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు చేసిన పరీక్షలు 2009లో అచ్చయ్యాయి. తప్పు చేసినా చెయ్యకపోయినా, యజమాని కసిరినప్పుడు కుక్కలు ఆ మొహం పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, మన గొంతు విని పడే భయం. అంచేత పేపరు చుట్టడం ఇవాళ్టితో ఆపెయ్యమని మీ వారికి చెప్పండి. ఆయనకు ఇంకో పని అప్పగిస్తాను.

డాక్టరుగారు చెప్పింది నిజమే

మీ డాక్టరుగారి మాట నూటికి నూరుపాళ్ళూ పాటించండి. కుక్కపిల్లల్ని రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో మింగేసే పార్వో వైరస్ జబ్బు 1978 ప్రాంతంలో బయటపడి, చూస్తుండగానే ప్రపంచమంతా పాకింది. జబ్బుపడిన కుక్క మలంతో ఈ వైరస్ నేలకు చేరి, నెలల తరబడి చావకుండా ఉంటుంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఏ వారం తగ్గుతుందో పైకి కనపడదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేస్తారు. అందాకా వీధి కుక్కలు తిరిగే చోట పిల్లను దించకూడదు. ఎత్తుకుని డాబా మీదికి, బాల్కనీలోకి తీసుకెళ్ళండి, లోకం చూపించండి. కాని ఆ పని మాత్రం ఇంట్లోనే జరగాలి. ఇందులో సోమరితనమేమీ లేదు. ఈ వయసుకు అదే ఆరోగ్యం.

ఇక చోటు. బాత్‌రూము మంచిదనుకుంటారు గాని, దాని తలుపు సగంసేపు మూసే ఉంటుంది. పైగా తడి గచ్చు మీద చిన్న కాళ్ళు జారతాయి. మీకు బాల్కనీ ఉంటే అందులో ఒక మూల మేలు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. కటకటాల సందుల్లోంచి పామరేనియన్ పిల్ల ఇట్టే దూరిపోతుంది. కింద అడుగున్నర ఎత్తున వలగాని, అట్టగాని కట్టండి. రెండోది, బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి కడగవద్దు, అది కింది అంతస్తువారి ఆరేసిన బట్టల మీద పడుతుంది. కుక్కల మీద వచ్చే తగాదాల్లో సగం నిజానికి నీళ్ళ తగాదాలే. మన వేసవి మధ్యాహ్నాల్లో బాల్కనీ గచ్చు కాలిపోతుంది, ఆ నెలల్లో ట్రేని లోపలికి మార్చుకోవాలి.

రెండడుగుల పొడవూ వెడల్పూ ఉండి, అంచు రెండు మూడంగుళాలు మించని ప్లాస్టిక్ ట్రే చాలు. అందులో పాత పేపర్లు ఐదారు పొరలు పరచండి. కుక్కపిల్ల పాదానికి ఏ నేల అలవాటైతే అక్కడే వెళుతుంది. ఎనిమిది తొమ్మిది వారాల వయసు నుంచే ఈ ఇష్టం గట్టిపడుతుంది. పేపరుతో వచ్చే చిక్కూ అదే: కింద పడిన ప్రతి కాగితమూ తన మరుగుదొడ్డే అనుకుంటుంది. ఈ వారపత్రికను కూడా బల్లమీదే ఉంచండి! అందుకని పది పదిహేను రోజులయ్యాక పేపరు పైన ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి వేసి, పేపర్లు క్రమంగా తగ్గించెయ్యండి. గడ్డి ముక్కలు రెండుంటే ఒకటి కడిగి ఆరేసుకోవచ్చు. మొదట్లో కొంచెం తడిసిన పేపరొకటి కొత్తవాటి కింద ఉంచితే, వాసనే పిల్లకు దారి చూపిస్తుంది.

పుట్టిన మూడు వారాల దాకా తల్లి నాకితేనే పిల్లకు మూత్రం వస్తుంది, తల్లే శుభ్రం చేస్తుంది. ఆ తరవాత పిల్ల తనంతట తాను పడక వదిలి దూరంగా వెళ్ళి కానిస్తుంది. మన మూలధనం ఈ గుణమే. కాబట్టి ఇల్లంతా వదలకుండా, ఒక మూల అడ్డు కట్టి, ఈ చివర పడక, ఆ చివర ట్రే పెట్టండి. ఎవరూ గమనించలేని సమయంలో అది అక్కడే ఉండాలి. (ఇరుకు బోనులో తన మలం మీదే పడుకుని పెరిగిన అంగడి పిల్లలకు ఈ గుణం మొద్దుబారి ఉంటుంది. వాటికి ఓపిక మరికాస్త కావాలి.) పూజగది గడపకు అడ్డంగా ఒక పలక నిలబెట్టండి. ఇందులో కుక్క తెలివికి పరీక్ష పెట్టవలసిన పని లేదు.

నిద్ర లేవగానే, తిన్న తరవాత, ఆట ఆగగానే, పడుకోబోయే ముందు ట్రే దగ్గరకు ఎత్తుకెళ్ళండి. ఆడుతున్నది ఆట మానేసి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే వేళయిందన్నమాట, పరుగెత్తండి. ట్రేలో దించి ఒకే మాట, ఇంటిల్లిపాదీ అదే మాట, "ఒకటికి" అనో మరొకటో మెల్లగా అనండి. ఐదు నిమిషాలు మౌనంగా నిలబడండి. పని కాగానే, ట్రే దగ్గరే, ఆ క్షణంలోనే మెచ్చుకుని గోరంత తినుబండారం పెట్టండి. వంటింట్లోకి వచ్చాక పెడితే వంటింట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఉడికించిన కోడిమాంసం ముక్క గాని, శాకాహారులైతే పనీరు గాని, ఉడికించిన క్యారెట్ గాని సరిపోతుంది. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ పడ్డవి మాత్రం పెట్టకండి. అవి కుక్కలకు విషం.

రాత్రిపూట ఒకసారి, రెండు గంటల ప్రాంతంలో, అలారం పెట్టుకుని లేవాలి. ఈ డ్యూటీ మీ వారిది. పేపరు చుట్టిన చేత్తోనే తినుబండారం పెడితే ఆయన మీద భయమూ పోతుంది. పడుకునే ముందు గంట, గంటన్నర నీళ్ళ గిన్నె తీస్తే తియ్యండి గాని, పగలు నీళ్ళు బంద్ చెయ్యకండి. తిండి మానిపించడమూ వద్దు. పొట్టి జాతి పిల్లలకు పూటతప్పితే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు.

పొరపాటు జరిగితే? చూస్తుండగా జరిగితే చప్పట్లు చరిచి ఆపి, ట్రేకి ఎత్తుకెళ్ళండి. తరవాత చూస్తే నోరు మెదపకుండా తుడవండి. ఫినాయిల్ మన ముక్కును మభ్యపెడుతుంది, కుక్క ముక్కును కాదు. పైగా తడి ఆరకముందే పిల్ల పాదాలు నాకితే ప్రమాదం. అమ్మోనియా ఉన్న ద్రావకాలు మరీ చేటు, అవి మూత్రం వాసనే వేస్తాయి. గుడ్డతో అద్ది, సబ్బునీళ్ళతో కడిగి, తరవాత వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి తుడవండి. పాలరాయి అయితే వెనిగర్ వద్దు, మచ్చపడుతుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావకం అన్నిటికంటే మెరుగు. బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గాని, మూత్రం మీద గాని కలపకండి, ఘాటైన విషవాయువు పుడుతుంది.

రెండు మూడు వారాల్లో పొరపాట్లు బాగా తగ్గడం చూస్తారు. ఐదారు నెలల వయసు వచ్చేదాకా మాత్రం పూర్తిగా నమ్మవద్దు. ఈ మాట అత్తగారికి ముందే చెప్పి ఉంచడం మంచిది. కొత్తవాళ్ళు వంగి పలకరించగానే పొట్ట తిప్పి నాలుగు చుక్కలు విడిచే పిల్లలుంటాయి. అది వినయం, కసిరితే ఎక్కువవుతుంది. బాగా నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి ఇల్లు తడపడం మొదలుపెడితే అది అలవాటు చెడడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ఆడకుక్కల్లో గర్భసంచిలో చీము, ఏదైనా కావచ్చు. ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మర్నాటిదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇక మీ ఆడపడుచు సంగతి. గర్భిణికి కీడు చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంతో, సరిగా ఉడకని మాంసంతో వస్తుంది. కుక్క మలం దాన్ని పుట్టించదు. కుక్కపిల్లతో వచ్చేది ఏలికపాముల బెడద. అవి తల్లి కడుపులో ఉండగానే పిల్లకు సంక్రమిస్తాయి. మలంలోని ఆ గుడ్లు మనుషులకు అంటే స్థితికి రావడానికి కొంతకాలం పడుతుంది. ఏ రోజు మలం ఆ రోజే తీసేస్తే ఆ గుడ్లతో భయం ఉండదు. మలాన్ని మరుగుదొడ్లో వేసి నీళ్ళు వదలండి, పేపరు మాత్రం వెయ్యకండి, గొట్టం పూడుకుపోతుంది. చేతికి తొడుగు వేసుకోండి, తరవాత సబ్బుతో కడుక్కోండి. పురిటికి వచ్చిన పిల్ల ఆ పనికి వంగనక్కరలేదు.

ఆవిడ విషయంలో నాకు క్రిమికంటే తడి గచ్చంటేనే ఎక్కువ భయం. ట్రే నుంచి గది దాకా నీళ్ళు ఇంకే పట్టా ఒకటి పరవండి, పిల్ల ఆవిడ కాళ్ళకు అడ్డం పడకుండా చూసుకోండి. రెండు నెలలు గడువుంది గనక, ఈలోగా మిగిలిన టీకాలు, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, నెలనెలా ఏలికపాముల మందు వేయించి, ఆ కార్డు అత్తగారి చేతికే ఇవ్వండి.